కరవు కాలానికి దాచుకున్న కథ

పన్నెండవ శతాబ్దంలో సమర్ఖందు వాసి నిజామీ అరూజీ ‘చహార్ మఖాలా’ అనే పారసీక గ్రంథాన్ని రచించాడు. పేరుకు తగినట్లు అందులో నాలుగు ప్రసంగాలుంటాయి. నాలుగవది వైద్యులను గురించినది. అందులోని ఒక వృత్తాంతం మదరసాలో ఫార్సీ చదువుకున్న మా తరం వారికి సుపరిచితమే. బువైహ్ వంశానికి చెందిన ఒక రాకుమారుడికి మాలీఖూలియా సోకింది. తాను మనిషిని కానని, ఆవునని అతడు నమ్మసాగాడు. ఆవులా అరుస్తూ, తనను కోసి తన మాంసంతో హరీసా వండమని పట్టుబట్టేవాడు. (మన హలీం వంటిదే హరీసా.) చివరకు అన్నపానాలు మానివేశాడు. వైద్యులకు పాలుపోలేదు. అప్పుడు ఇస్ఫహాన్‌లో అలావుద్దౌలా వద్ద మంత్రిగా ఉన్న ఇబ్నె సీనాను ఆశ్రయించారు. కసాయి వస్తున్నాడన్న శుభవార్తను రోగికి ముందుగా చేరవేయమన్నాడాయన. తర్వాత తానే కత్తి చేతబట్టి వచ్చాడు. రాకుమారుణ్ణి కాళ్ళూ చేతులూ కట్టించి పడుకోబెట్టాడు. కసాయివారు చేసినట్లే పక్కటెముకలు తడిమి చూశాడు. ఈ ఆవు మరీ చిక్కిపోయి ఉందని, మేత పెట్టి బలిసిన తర్వాత కోద్దామని చెప్పి లేచాడు. అప్పటి నుండి రాకుమారుడు తినసాగాడు. ఆ తిండిలోనే మందు కలిపి ఇచ్చారు. నెల తిరిగేసరికి అతడు కోలుకున్నాడు.

ఈ వృత్తాంతం చెప్పేవారు సాధారణంగా కసాయి వేషం దగ్గర నవ్వించి ఊరుకుంటారు. మందు సంగతి మరచిపోతారు. నిజానికి కథ చేసిన పని రోగి నోరు తెరిపించడం వరకే. నయం చేసింది మందు. అయితే ఆ నోరు తెరుచుకోకపోతే మందు లోపలికి పోయేదే కాదు. బైపోలార్ వ్యాధితో బాధపడేవారికి కథల ద్వారా అందించే కౌన్సెలింగును గురించి మేము చెప్పదలచినది ఈ హద్దును గుర్తుంచుకునే.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఇబ్నె సీనా ఉదంతాన్ని ఈనాడు ఇంట్లో ఎవరూ అనుకరించరాదు. రోగి భ్రమలకు వంతపాడమని ఏ మానసిక వైద్యుడూ కుటుంబానికి చెప్పడు. అతనికి తెలియకుండా అన్నంలో మాత్రలు కలపడం మన ఇళ్ళలో జరుగుతూనే ఉంది. ఏదో ఒక రోజు అతనికి ఆ విషయం తెలుస్తుంది. ఆనాటి నుండి తల్లి వడ్డించిన అన్నాన్ని కూడా అతడు అనుమానంగా చూస్తాడు. పోయిన ఆ నమ్మకాన్ని తిరిగి తేవడం మాత్ర మింగించడం కంటే ఎంతో కష్టం.

రెండు రకాల దుఃఖం

ఇబ్నె సీనా కంటే ముందే అబూ జైద్ అల్ బల్ఖీ అనే విద్వాంసుడు ఉండేవాడు. క్రీ.శ. 850 నుండి 934 వరకు జీవించిన ఆయన దేహారోగ్యాన్నీ, మనసు ఆరోగ్యాన్నీ కలిపి ‘మసాలిహ్ అల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్’ అనే గ్రంథం రచించాడు. అందులో ఆయన దుఃఖాన్ని రెండుగా విభజించాడు. మొదటిదానికి కారణం తెలుసు: ఆప్తుని మరణం, ఆస్తి నష్టం వంటివి. రెండవదానికి పైకి కనిపించే కారణమేదీ ఉండదు. అది దేహంలోనే పుడుతుందని, దానికి దేహానికి చేసే చికిత్స కూడా కావాలని బల్ఖీ వివరించాడు. వెయ్యేళ్ళకు పైబడిన మాట ఇది. ఇప్పటికీ కుంగుబాటుతో గోడవైపు తిరిగి పడుకున్న కోడలిని చూసి, “నీకేం తక్కువ చేశాం?” అని అడిగే అత్తగార్లు మనలో ఉన్నారు. తక్కువ ఏదీ జరగలేదు. అది రెండవ రకం దుఃఖం.

బైపోలార్‌లో ఈ కుంగుబాటుతో పాటు దానికి పూర్తిగా ఎదురైన ఉద్రేక దశ కూడా వస్తుంది. దానినే మేనియా అంటారు. నిద్ర అవసరం తగ్గిపోతుంది. రెండు మూడు గంటలు పడుకుని లేచినా అలసట ఉండదు. మాట వేగం పెరుగుతుంది, ఆలోచనలు ఒకదానినొకటి తరుముకుంటాయి. డబ్బు నీళ్ళలా ఖర్చవుతుంది. తనకు ప్రత్యేక శక్తులున్నాయన్న నమ్మకం కలుగుతుంది. ఈ దశ కొన్ని రోజులో, వారాలో సాగుతుంది. తర్వాత కొందరు నేరుగా కుంగుబాటులోకి జారిపోతారు. రెండింటికీ మధ్య నెలలు, ఒక్కొక్కసారి సంవత్సరాల తరబడి మామూలు జీవితం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో సుమారు 4 కోట్ల మంది ఈ వ్యాధితో జీవిస్తున్నారు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియం లవణం ఉద్రేకాన్ని అణచగలదని కనుగొన్నాడు. ఈనాటికీ ఈ వ్యాధికి ఉన్న ముఖ్యమైన మందులలో అది ఒకటి.

మన ఇళ్ళలో ఒక చిక్కు ఉంది. ఉద్రేక దశ తరచుగా భక్తి వేషంలో గడప దాటి లోపలికి వస్తుంది. కుర్రవాడు రాత్రంతా నమాజులో నిలబడితే, జేబు ఖాళీ అయ్యేవరకు దానం చేస్తే, గంటల తరబడి ధార్మిక ప్రసంగం చేస్తే ఏ తల్లిదండ్రులు మాత్రం సంతోషించరు? వారం రోజులు ఇరుగుపొరుగు కూడా మెచ్చుకుంటారు. ఆ తర్వాత అతడు తనకు పైనుండి ఆదేశాలు వస్తున్నాయంటాడు, అడ్డు చెప్పినవారి మీదికి చేయెత్తుతాడు. అప్పటికప్పుడు కథ మారిపోతుంది. భక్తుడు కాస్తా జిన్ను పట్టినవాడవుతాడు. ఈ రెండు కథలనూ ఇతరులే చెబుతారు. అతణ్ణి ఎవరూ అడగరు.

ఇటువంటి కథలు ఎక్కడికి దారితీస్తాయో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దేశమంతా చూసింది. దర్గా వల్ల స్వస్థత కలుగుతుందన్న ఆశతో తెచ్చి వదిలిన మానసిక రోగులను అక్కడి ఒక ప్రైవేటు వసతి గృహంలో గొలుసులతో కట్టి ఉంచేవారు. మంటలు చెలరేగినప్పుడు పారిపోలేక 28 మంది మరణించారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. దుఆ చేయడాన్ని, ఖుర్ఆన్ పఠించి ఊదడాన్ని మేము కాదనడం లేదు. అది మనసుకు ఊరట. అయితే మాత్రలు మానిస్తేనే ఊదుతానని ఎవరైనా షరతు పెడితే, ఆ గడప ఎక్కవద్దని మాత్రం గట్టిగా చెబుతాము.

కథను తిరిగి ఇవ్వడం

కథల ద్వారా ఓదార్చడం కొత్తది కాకపోయినా, దానినొక పద్ధతిగా రూపొందించినవారు ఇటీవలి వారే. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ వైట్, న్యూజిలాండ్‌లో పనిచేసిన డేవిడ్ ఎప్‌స్టన్ ఈ మార్గంలో ప్రసిద్ధులు. 1990లో వెలువడిన వారి గ్రంథం ఎందరో కౌన్సెలర్లకు దారి చూపింది. మనిషిని, అతని సమస్యను వేరువేరుగా నిలబెట్టడం వారి పద్ధతికి మూలం. సమస్యకు రోగే ఒక పేరు పెడతాడు. అది ఎప్పుడు వస్తుంది, ఏం చెప్పి లొంగదీస్తుంది, ఏయే సందర్భాలలో తాను దానికి లొంగలేదు అన్న ప్రశ్నలకు జవాబులు వెదుక్కుంటూ తన జీవిత కథను తానే మళ్ళీ చెప్పుకుంటాడు. అతనికి నమ్మకమైన ఒకరిద్దరిని సాక్షులుగా కూర్చోబెట్టడం కూడా ఈ పద్ధతిలో ఉంది.

మాకు అటువంటి సాక్షిగా కూర్చునే అవకాశం ఒకసారి కలిగింది. ఆ కుటుంబం అనుమతితో, గుర్తుపట్టే వివరాలు మార్చి ఇక్కడ రాస్తున్నాము.

ఆ యువకుడు లారీ మెకానిక్. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి, అన్నగారు ఉన్నారు. రెండుసార్లు తీవ్రమైన ఉద్రేకం, ఒకసారి నెలల తరబడి కుంగుబాటు వచ్చాయి. రెండవసారి ఉద్రేకంలో, బండ్లు బాగుచేయడానికి డ్రైవర్లు ఇచ్చిన అడ్వాన్సులన్నీ పంచిపెట్టేశాడు. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చి మూడు నెలలు గడిచి, మందులతో మనసు కుదుటపడిన తర్వాతే సైకాలజిస్టు ఆయనతో కథ మొదలుపెట్టారు. ఉద్రేకంలోనో, లోతైన కుంగుబాటులోనో ఉండగా ఈ పని జరగదని ఆమె మాకు ముందే స్పష్టం చేశారు.

ఆమె జబ్బు గురించి అడగలేదు. “ఇంజిన్ సీజ్ అయ్యే ముందు మీకెలా తెలుస్తుంది?” అని అడిగారు. అప్పటివరకు తలవంచుకుని కూర్చున్న మనిషి అరగంట సేపు మాట్లాడాడు. ముందు శబ్దం మారుతుందట. ఆయిలు కాలిన వాసన వస్తుందట. బండి మంచి ఊపులో ఉన్నప్పుడు డ్రైవరుకు అవేవీ తెలియవట, ఎందుకంటే ఆ ఊపు అతనికి హాయిగా ఉంటుంది. పక్కన కూర్చున్న క్లీనరుకే ముందు తెలుస్తుందట. అక్కడ ఆగిపోయి, చాలాసేపు మౌనంగా ఉండి, “హజ్రత్, నా క్లీనరును నేనెప్పుడూ అడగలేదు” అన్నాడు మావైపు తిరిగి. భార్యను ఉద్దేశించి అన్నాడని మాకు వెంటనే అర్థం కాలేదు.

తర్వాతి వారం ఆమెను పిలిపించారు. ఆ ఇంట్లో ఈ జబ్బు గురించి అందరూ మాట్లాడారు. చిన్నతనంలో సంధ్యవేళ ఖబరస్తాన్ దాటి వచ్చిననాటి నుండే ఇలా అయ్యాడని తల్లి చెబుతారు. చెడు సావాసాల వల్లనేనని అన్నగారు అంటారు. భార్యను మాత్రం అంతవరకు ఎవరూ అడగలేదు. ఆమె తలమీది కొంగు సర్దుకుని ఒక్క మాట చెప్పింది. ఉద్రేకం ముదరడానికి ఐదారు రోజుల ముందు ఆయన అర్ధరాత్రి లేచి ఇంట్లో ఉన్న పానాలన్నీ తుడిచి, చిన్నది మొదలు పెద్దది వరకు నేలమీద వరుసగా పేర్చుతాడట. రెండుసార్లూ అదే జరిగింది. డాక్టరు ఫైలులో ఉన్న ఏ పరీక్షా ఆ సంగతి చెప్పలేదు.

భాష విషయం కూడా గమనించదగినది. పనిముట్లు, బండ్లు, అప్పులు అన్నీ ఆయన తెలుగులోనే చెప్పేవాడు. కుంగుబాటు రోజుల దగ్గరికి వచ్చేసరికి దానంతటదే ఇంట్లో మాట్లాడే దక్కనీలోకి మారిపోయేవాడు. సైకాలజిస్టుకు ఆ భాష అంతగా రాదు. అక్కడ మేము అక్కరకు వచ్చాము. తెలుగు జిల్లాలలోని ముస్లిం కుటుంబాలతో పనిచేసే కౌన్సెలర్లు ఈ రెండు భాషల మధ్య గడపను గుర్తించాలి. దుఃఖం ఏ భాషలో పుట్టిందో ఆ భాషలోనే బయటికి వస్తుంది.

“నేను చెడిపోయాను” అని మొదలైన ఆయన మాట కొన్ని వారాలలో “ఇంజిన్ వేడెక్కింది” అన్న మాటగా మారింది. ఇదేదో మాటల గారడీ అని కొందరికి అనిపించవచ్చు. తప్పంతా ఇంజిన్ మీదికి నెట్టి మనిషి తప్పించుకుంటాడన్న అనుమానమూ రావచ్చు. జరిగింది వేరు. జబ్బును తన నుండి వేరుచేసి చూడగలిగిన తర్వాతే, పంచిపెట్టిన అడ్వాన్సుల లెక్క రాసుకునే ధైర్యం ఆయనకు వచ్చింది. అంతకుముందు ఆ డ్రైవర్ల ఫోన్లు ఎత్తేవాడు కాదు. ఇప్పుడు వారి బండ్లకు కూలీ లేకుండా పనిచేస్తూ ఒక్కొక్కరి బాకీ తీరుస్తున్నాడు.

ఏ వేళకు ఏ కథ

రోగి సొంత కథ ఒక ఎత్తు. మనం చెప్పే కథలు మరొక ఎత్తు. ఇరాన్‌లోని కాషాన్‌లో పుట్టి, జర్మనీలో స్థిరపడిన మానసిక వైద్యుడు నుస్రత్ పెజెష్కియాన్ (1933-2010) తూర్పుదేశాల కథలను చికిత్సలో వాడడానికి ఒక గ్రంథమే రచించాడు. 1979లో జర్మన్ భాషలో వచ్చిన ఆ గ్రంథం పేరు ‘వర్తకుడు - చిలుక’. కథ ఒక అద్దం వంటిదని ఆయన భావన. నేరుగా తప్పు పట్టినప్పుడు ముడుచుకుపోయే మనిషి కథలో తనను తాను చూసుకుని, ఎవరూ చెప్పకుండానే గ్రహిస్తాడు.

ఆ వర్తకుడు, చిలుకల కథ మౌలానా రూమీ (రహ్మ) మస్నవీలోది. వర్తకుడు హిందూస్తాన్ బయలుదేరుతుంటే పంజరంలోని చిలుక అక్కడి చిలుకలకు సలాం చెప్పమంటుంది. సలాం విన్న ఒక చిలుక కిందపడి చనిపోతుంది. తిరిగివచ్చి ఆ సంగతి చెప్పగానే పంజరంలోని చిలుక కూడా అలాగే పడిపోతుంది. ఏడుస్తూ వర్తకుడు దానిని బయట పడవేస్తాడు. మరుక్షణం అది ఎగిరిపోతుంది. అహంకారాన్ని చంపుకుంటేనే ఆత్మకు విముక్తి అని మేము తరగతిలో వివరిస్తాము. అందమైన కథ. అయితే లోతైన కుంగుబాటులో ఉన్నవాని ముందు ఈ కథ చెప్పరాదు. ‘చనిపోతేనే విడుదల’ అన్న ఒక్క మాటే అతని చెవికి చేరే ప్రమాదం ఉంది. అలాగే ఉద్రేకంలో ఉన్నవానికి వలీల మహిమలు, రాజుల వైభవాలు చెప్పడం ఎండుగడ్డికి నిప్పు పెట్టడమే. అతనికి అప్పుడు కావలసినది కథ కాదు. మసక వెలుతురు, తక్కువ మాటలు, నిద్ర, వీలైనంత త్వరగా డాక్టరు.

అన్నింటికంటే ఎక్కువగా దుర్వినియోగమవుతున్నది ప్రవక్త అయ్యూబ్ (అలై) గారి వృత్తాంతం. ఆయన అంత భరించారు, నువ్వు ఇంత కూడా భరించలేవా అని మంచం పక్కన నిలబడి అనేవారిని ఎంతమందినో చూశాము. ఓదార్పుగా రావలసిన కథ అక్కడ బెత్తంగా మారుతోంది. అసలు ఆయన వృత్తాంతంలో ఉన్నది మూగగా భరించడం కాదు. తన బాధను ప్రభువుకు నోరు తెరిచి చెప్పుకోవడం కూడా అందులో ఉంది. ప్రవక్త యాఖూబ్ (అలై) అయితే కుమారుని కోసం దుఃఖించి దుఃఖించి కళ్ళు పోగొట్టుకున్నారు. ఆయన విశ్వాసం తక్కువదని ఎవరనగలరు? కుంగుబాటులో ఉన్నవారికి ఏదైనా చెప్పదలిస్తే ఈ యాఖూబ్ (అలై) దుఃఖాన్ని చెప్పండి. క్లుప్తంగా చెప్పండి. చివర నీతి మాత్రం అడగకండి. బదులు రాకపోయినా నొచ్చుకోకండి.

చావు మాట వినిపించిందా, కథలన్నీ పక్కన పెట్టాలి. ఆ మనిషిని ఒంటరిగా వదలరాదు. ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరులో రాత్రింబవళ్ళు ఉచితంగా మాట్లాడేవారుంటారు. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఏడు బలిసిన ఆవులు

బైపోలార్ ఉన్నవారి కోసం, కుదుటగా ఉన్న కాలంలో చెప్పదగిన కథ ఒకటి ఎంచుకోమంటే మేము యూసుఫ్ (అలై) వృత్తాంతాన్నే ఎంచుకుంటాము. బావి, బానిసత్వం, చెరసాల అందరూ చెప్పేవే. మేము చూపదలచినది రాజు కల. ఏడు బలిసిన ఆవులను ఏడు బక్క ఆవులు తినివేస్తాయి. యూసుఫ్ (అలై) ఆ కలకు అర్థం చెప్పి ఊరుకోలేదు. పంట పండే ఏడేళ్ళలో ధాన్యాన్ని కంకులతోనే నిలువచేయమని, తినడానికి కావలసినంతే తీసుకోమని ఉపాయం కూడా చెప్పారు. కరవు రాకుండా ఆపుతానని ఆయన అనలేదు. వచ్చిననాడు జనం బ్రతికే మార్గం చూపారు.

బైపోలార్‌కు ఇంతకంటే దగ్గరగా ఉన్న ఉపమానం మాకు తోచలేదు. అయితే ఒక పొరపాటుకు తావుంది. ఆ మెకానిక్ కూడా మొదట అలాగే అర్థం చేసుకున్నాడు. బలిసిన ఆవులంటే ఉద్రేకపు రోజులే కదా, అప్పుడే కదా నాకు ఒంట్లో శక్తి అన్నాడు. కాదు. ఉద్రేకపు శక్తి పంట కాదు, వడ్డీకి తెచ్చిన అప్పు. పంటకాలమంటే ఏ ఒడుదుడుకులూ లేని ఈ మామూలు రోజులు. పని, నమాజు, పిల్లల ఫీజులు, ఆదివారం మాంసం కూర. చప్పగా అనిపించే ఈ రోజులలోనే ధాన్యం కొట్టులో పడాలి.

ఆ ధాన్యం ఏమిటి? వేళకు నిద్ర. డాక్టరు చెప్పేవరకు ఆపని మందు. లిథియం వాడేవారైతే ఎప్పటికప్పుడు రక్తంలో దాని మోతాదు, మూత్రపిండాలు, థైరాయిడ్ పరీక్షలు. ముదిరే ముందు కనిపించే గుర్తుల చిట్టా. ఆ గుర్తులు కనిపించిననాడు ఎవరు ఏం చేయాలో రోగి స్వయంగా రాసిన కాగితం. 2017 చట్టం ఇటువంటి కాగితానికి అధికారిక రూపం కూడా ఇచ్చింది. తనకు జబ్బు ముదిరినప్పుడు ఎటువంటి చికిత్స కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చు. మనలో ఎందరో వసీయత్ రాసుకుంటారు. ఇది మాత్రం చాలామందికి తెలియదు.

రమజాన్ వచ్చినప్పుడు

రమజాన్‌ను మనం ప్రత్యేకంగా ఆలోచించాలి. ఆ మెకానిక్కే ఒకసారి అడిగాడు: “రేడియేటరులో నీళ్ళు తగ్గితే బండి వేడెక్కదా, హజ్రత్?” సరైన ప్రశ్న. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం మోతాదు ప్రమాదకరంగా పెరిగే అవకాశముంది. వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు ఎక్కువ కావడం, తూలడం దాని లక్షణాలు. వేసవిలో రమజాన్ వచ్చే సంవత్సరాలలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

నీటి సంగతి ఒక్కటే కాదు. మొరాకోలోని కాసాబ్లాంకాలో లిథియం వాడుతున్న 20 మంది బైపోలార్ రోగులను రమజాన్‌లో పరిశీలించి వైద్యులు 2000లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 45 శాతం మందికి ఆ నెలలో జబ్బు తిరగబెట్టింది. ఎక్కువగా ఉద్రేకమే వచ్చింది. విశేషమేమంటే రక్తంలో లిథియం మోతాదుకు దానితో సంబంధం కనిపించలేదు. నిద్ర వేళలు, దినచర్య తారుమారు కావడమే కారణమై ఉంటుందని వారు అనుమానించారు. పాకిస్తాన్‌లోని పెషావర్‌లో అంతకంటే ఎక్కువమందిని పరిశీలించి 2010లో ప్రచురించిన ఫలితాలలో అటువంటి చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. కాబట్టి అందరికీ ఒకే మాట చెల్లదు. రమజాన్‌కు నెలా రెండు నెలల ముందే డాక్టరును కలవాలి. ఉపవాసం ఉండవచ్చునా, మాత్రల వేళలు ఎలా మార్చాలి, తరావీహ్ తర్వాత నిద్ర ఎప్పుడు అన్నవి తేల్చుకోవాలి. వద్దని డాక్టరు అంటే, రోగికి ధర్మం ఇచ్చిన వెసులుబాటు ఉండనే ఉంది. దీర్ఘరోగి ఫిద్యా చెల్లించే విషయమై దగ్గరి ఆలిమ్‌ను అడగవచ్చు. ఆ వెసులుబాటును వాడుకున్నవాణ్ణి ఇఫ్తారు వేళ వంకరగా చూసేవారే అసలు దోషులు.

పెళ్ళి మాట

ఆడపిల్లల తల్లిదండ్రులు మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న, సంబంధం వచ్చినప్పుడు చెప్పాలా వద్దా అని. చెప్పాలి. దాచి చేసిన నికాహ్‌లో ఆ అమ్మాయి మొదట చేసే పని మాత్రలు దాచడం, తర్వాత మానడం. కాన్పు తర్వాతి వారాలు ఈ వ్యాధి ఉన్న స్త్రీకి అతి ప్రమాదకరమైనవి. అప్పుడు నిద్రలేమితో ఉద్రేకం వస్తే అత్తింటివారు దానికి దయ్యమని పేరుపెట్టి పుట్టింటికి పంపిన సందర్భాలు మాకు తెలుసు. గర్భం ధరించదలచిన స్త్రీ ముందుగానే డాక్టరుకు చెప్పాలి. వాల్‌ప్రొయేట్ వంటి మందు గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది కనుక మార్చవలసి ఉంటుంది. అలాగని సొంతంగా మానితే తల్లికే ముప్పు. ఇన్ని సంగతులు దాపరికంలో ఎలా సాధ్యం?

ఈ కౌన్సెలింగ్ హద్దులు కూడా చెప్పుకోవాలి. బార్సిలోనాలో కోలోమ్, వియెతా అనే పరిశోధకులు 120 మంది బైపోలార్ రోగులపై చేసిన పరిశీలన 2003లో వెలువడింది. జబ్బును గుర్తించడం, మందు, నిద్ర, ముందస్తు లక్షణాలను గురించి బృందంగా 21 తరగతులు పొందినవారికి రెండేళ్ళలో జబ్బు తిరగబెట్టడం తగ్గింది. వారందరూ మందులు వాడుతూనే ఉన్నారు. కథలతో చేసే కౌన్సెలింగుకు అంత బలమైన పరిశీలనల ఆధారం ఇంకా లేదు. బార్సిలోనా తరగతులు నేర్పిన పాఠాలనే కథ మన ఇంటి భాషలోకి తెస్తుంది. అంతవరకే దానిని నమ్మాలి. ఇమాములు, మదరసా ఉపాధ్యాయులు కౌన్సెలర్లు కారు. సాక్షులుగా, దుబాసీలుగా, రోగిని ఆసుపత్రి వరకు వెంట తీసుకువెళ్ళేవారుగా ఉంటే చాలు. విన్నది అమానతు. జుమా ప్రసంగంలో ఉదాహరణగా వాడుకోవడానికి వీల్లేదు.

ఆ మెకానిక్ తన కాగితం రాయడానికి నాలుగు వారాలు తీసుకున్నాడు. సగం తెలుగు, సగం ఉర్దూ. పానాలు వరుసగా పేర్చడం కనిపిస్తే ఆ రాత్రే అన్నగారికి ఫోన్ చేయాలని మొదటి వాక్యం. దుకాణం డబ్బు, ఫోన్‌లో డబ్బు పంపే యాప్ తన దగ్గర నుండి తీసుకోవాలని, అప్పుడు తాను తిట్టినా ఇవ్వకూడదని రెండవది. ఏ ఆసుపత్రికి, ఏ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలో ఉంది. తాళ్ళతో కట్టవద్దని, పిల్లల ముందు మాట్లాడవద్దని ఉంది. తన తరఫున మాట్లాడవలసిన వ్యక్తి పేరు రాయవలసిన చోట తల్లి, అన్నగారు ఇద్దరూ తమ పేరే ఉంటుందని ఎదురుచూశారు. ఆయన భార్య పేరు రాశాడు. తల్లి కొంతసేపు ముఖం తిప్పుకుని కూర్చున్నారు. తర్వాత కాగితాన్ని తానే మడతపెట్టి కోడలి చేతికిచ్చారు.